కొండ మెట్లూ, నెత్తురు లెక్కా

తిరుత్తణి కొండకు మెట్లు 365. యేడాదికి యెన్ని దినాలో అన్ని మెట్లని పెద్దలు చెబుతారు. డిసెంబరు 31న మెట్ల పండుగనాడు మెట్టుమెట్టుకూ కర్పూరం వెలిగించి, తిరుప్పుగళ్ పాటలు పాడుకుంటూ యెక్కే భక్తులున్నారు. ఆడి కృత్తికకు పూలకావడి భుజాన పెట్టుకొని, చెప్పులు లేని కాళ్లతో యెక్కేవారికి లెక్కే లేదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన యెల్లలు మార్చి తిరుత్తణి తాలూకాను చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలో కలిపారు గాని, తెలుగిళ్ల మొక్కులు ఆ యెల్లలకు లొంగలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టిన వూరు గదా అది. మన యిళ్లలో యీనాటికీ పిల్లవాడికి మొదటి వెంట్రుకలు తీయించవలెనన్నా, వుద్యోగం రావలెనన్నా ఆ కొండవైపే చేతులెత్తుతాము.

ఆ మెట్లకూ మన వొంట్లోని నెత్తురు లెక్కకూ సంబంధం వున్నదని 2023 దాకా మాకు తెలియదు. తెలిసివచ్చిన విధం చెబుతాము.

మా మేనల్లుడు పాలిటెక్నిక్ ముగించి, రెండేళ్లు ఖాళీగా తిరిగి, చివరకు శ్రీపెరుంబుదూరు వైపు ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆర్డరు వచ్చింది, వైద్యపరీక్ష ఒక్కటే మిగిలింది. వుద్యోగం వస్తే నడిచి వచ్చి కావడి యెత్తుతానని వాడు మొక్కుకొని వున్నాడు. చేరబోయే ముందే మొక్కు తీర్చుకొమ్మని చెప్పినది మా అక్కయ్య. ఆడి మాసం. చీకటి పడగానే స్నేహితులతో తిరువళ్లూరులో బయలుదేరి, నలభై కిలోమీటర్లు పైబడి నడిచి తెల్లవారేవేళకు తిరుత్తణి చేరాడు. శరవణ పొయిగైలో మునిగి, కావడితో కొండ యెక్కి, దర్శనం చేసుకొని, రైలుమీద యింటికి వచ్చి, రెండు ముద్దలు తిని, ఆ మధ్యాహ్నమే పరీక్షకు పోయాడు. తేదీ వాళ్లు యిచ్చినది. మార్చమని అడిగే ధైర్యం వాడికి లేదు.

రిపోర్టు వచ్చింది. తెల్ల కణాలు 14,200. పెద్దవాళ్లకు ఘన మిల్లీమీటరు నెత్తురులో 4,000కూ 11,000కూ మధ్య వుండవలసినవి. మూత్రంలో నెత్తురు జాడ కూడా వున్నదని రాశారు. “మళ్లీ చూడవలెను” అని ఒక ముక్క వేసి వుద్యోగం ఆపివేశారు.

యెదురింటి అబ్బాయి సెల్‌ఫోనులో వెదికి, “తెల్ల కణాలు పెరిగితే బ్లడ్ కేన్సరు కూడా కావచ్చునట, అత్తా” అన్నాడు. ‘కూడా’, ‘కావచ్చు’ అనే మాటలు మా అక్కయ్య చెవిని పడలేదు. మూడో మాటే పడింది. ఆ రాత్రి ఆ యింట పొయ్యి వెలగలేదు.

మాకు చాలాకాలంగా తెలిసిన డాక్టరు గారొకరు తిరువళ్లూరులో వున్నారు. మరునాడు వాణ్ణి తీసుకొని పోయాము. ఆయన కాగితం పక్కన పెట్టి, గొంతు చూచి, మెడకిందా చంకలలోనూ గడ్డలున్నవేమో తడిమి, కడుపు నొక్కి, జ్వరం చూచి, అప్పుడు అడిగారు:

“నెత్తురు యివ్వబోయేముందు యేం చేశావు నాయనా?”

వాడు చెప్పాడు. ఆయన నవ్వారు. “కొండ యెక్కినది నువ్వొక్కడివే అనుకున్నావా? నీ తెల్ల కణాలూ యెక్కినవి. అవి దిగేదాకా ఆగవద్దా? అయిదు రోజులు పరుగూ బరువూ లేకుండా వుండి రా.”

అయిదు రోజుల తరువాత లెక్క 6,900. మూత్రంలో యే జాడా లేదు. అయితే యీలోపల ఆ బ్యాచి నిండిపోయింది. వాణ్ణి తీసుకున్నది రెండు నెలల తరువాతి బ్యాచిలో. రెండు నెలల జీతం, ఒక వారం యేడుపు, నాలుగు కాగితాలు. యింతకూ వాడికి జబ్బు లేదు.

అయిదు రోజులలో సగానికి సగం తగ్గిన ఆ కణాలు యెక్కడినుంచి వచ్చినట్టు, యెక్కడికి పోయినట్టు? యీ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఒక ఆదివారం డాక్టరు గారింటికే పోయి కూర్చుని అడిగాము. దొరికిన పుస్తకాలూ చూచాము.

మన వొంట్లో సుమారు అయిదు లీటర్ల నెత్తురు. అందులో యెర్ర కణాలు ప్రాణవాయువు మోసే కూలీలు. మగవాడికి ఘన మిల్లీమీటరుకు 45 మొదలు 55 లక్షలు. ప్లేట్‌లెట్లు గాయాన్ని పూడ్చేవి, లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలు. తెల్ల కణాలు కాపలావాళ్లు, వాటి లెక్క వేలలోనే. పరీక్షశాలలో లెక్కించేది సూదికి వచ్చిన నెత్తురును. అంటే ఆ నిమిషాన పెద్ద దారులలో పారుతున్నవే లెక్కకు వస్తవి. మనిషికి మొత్తం యెన్ని కణాలున్నవో ఆ కాగితం చెప్పదు. రహస్యమంతా యిక్కడ వున్నది.

మేము నిత్యం తిరువళ్లూరు స్టేషనులో లోకల్ బండికి నిలబడే జనంలో వొకళ్లము. 1856లో రాయపురంనుంచి వాలాజా రోడ్డుకు దక్షిణదేశపు మొదటి రైలు పోయిన దారి అది. అప్పుడెంత మంది యెక్కారో గాని, యిప్పుడు వుదయపు బండికి కాలు పెట్టే చోటు వుండదు. బండి రాకముందు చూడండి: ప్లాట్‌ఫారం అంచున నిలబడినవాళ్లు కొద్దిమందే. తక్కినవాళ్లు బెంచీలమీదా, వంతెన మెట్లమీదా, టీకొట్టు దగ్గరా అంటుకొని వుంటారు. బండి కూత వినపడగానే అందరూ ఒక్కసారి అంచుకు వస్తారు. ఆ నిమిషాన యెవరైనా అంచుమీద తలలు లెక్కబెడితే వూరి జనాభా రెట్టింపైనదనుకోవలసిందే.

తెల్ల కణాల సంగతీ అంతే. నెత్తురులో వున్న న్యూట్రోఫిల్సు అనే తెల్ల కణాలలో సుమారు సగం, పారే నెత్తురులో వుండక రక్తనాళాల గోడలకు అంటుకొని విశ్రాంతిగా వుంటవి. లింఫోసైట్లు అనే మరొక జాతివీ అక్కడక్కడ దాగివుంటవి. మనిషి గబగబ మెట్లు యెక్కితే గుండె వడిగా కొట్టుకొంటుంది, నెత్తురు వేగంగా పారుతుంది, అడ్రినలిన్ వూరుతుంది. అదే బండి కూత. గోడల్ని అంటుకున్న కణాలు నిమిషాలమీద ప్రవాహంలోకి వచ్చిపడతవి. శ్రమ యెంత తీవ్రమైతే అంత యెక్కువ వస్తవి. పది నిమిషాలు మెల్లగా నడిస్తే పెద్ద మార్పు కనపడదు. అదే పది నిమిషాలు మెట్లు పరుగున యెక్కితే లెక్క చప్పున పెరుగుతుంది. యీ తొలి విడతలో బాగా పెరిగేవి లింఫోసైట్లు. ఆగి కూర్చుంటే అంతే త్వరగా తగ్గుతవి కూడాను.

తీవ్రత కథ యిది. చాలాసేపు చేసే శ్రమ కథ వేరు. దానికి మా వూరి అమావాస్య సరిపోతుంది. వీరరాఘవస్వామివారి హృత్తాపనాశిని పుష్కరిణిలో అమావాస్యనాడు స్నానం చేసి, బెల్లం నీళ్లలో వేసి, రోగం కరిగిపోవలెనని మొక్కుకోవడానికి చుట్టుపట్ల పల్లెలనుంచి జనం వస్తారు. ఆయనకు వైద్య వీరరాఘవుడని పేరు. ఆ జనం స్టేషను బెంచీలమీదినుంచి లేచినవాళ్లు కారు, బయటి వూళ్లనుంచి బస్సులమీద దిగినవాళ్లు. వాళ్లు వచ్చేందుకు సమయం పడుతుంది, వచ్చినవాళ్లు వెంటనే పోరు. గంటలకొద్దీ నడిచినా, పరుగెత్తినా వొంట్లో కార్టిసాల్ అనే పదార్థం పెరుగుతుంది. అది యెముకల మూలుగలో నిలవవున్న న్యూట్రోఫిల్సును బయటికి పంపుతుంది. అందువల్ల దీర్ఘశ్రమ తరువాత న్యూట్రోఫిల్సు ఆలస్యంగా పెరుగుతవి. శ్రమ ముగిసిన గంటల తరువాత కూడా పెరుగుతూనే వుండవచ్చు. మామూలుకు రావడానికి ఒక దినం, ఒక్కొక్కప్పుడు అంతకన్న యెక్కువా పడుతుంది. మా మేనల్లుడు రాత్రంతా నడిచాడు, తెల్లవారి కొండ యెక్కాడు. అంటే అమావాస్యనాడు బండి కూత కూడా వినిపించాడన్నమాట.

దిగేటప్పటి సంగతి ఒకటి చెప్పవలె. యెక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు సుఖం అనుకుంటాము. తొడల కండరాలు నలిగేది దిగేటప్పుడే. అందుకే నొప్పి రెండోనాడు వస్తుంది. నలిగిన కండరాన్ని బాగుచేయడానికీ తెల్ల కణాలే పోవలె.

యిది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో బోస్టన్ మారథాన్ పరుగెత్తినవాళ్ల నెత్తురు పరీక్షించి, తెల్ల కణాలు బాగా పెరిగినవనీ, ఆ మార్పు కొన్ని జబ్బులలో కనపడే మార్పును పోలివున్నదనీ లారబీ అనే వైద్యుడు 1902లోనే ప్రకటించాడు. జబ్బును పోలివుంటుంది! నూరేళ్లు దాటిన తరువాత కూడా ఆ పోలికే మా అక్కయ్యను యేడిపించింది.

ఇంకొక చిత్రమున్నది. గట్టిగా శ్రమచేసి ఆపిన గంట రెండు గంటలకు లింఫోసైట్ల లెక్క మొదట వున్నదానికంటే కూడా కిందికి పోతుంది. యిది చూచి, వ్యాయామం తరువాత వొంటికి కాపలా లేకుండాపోతుందని చాలాకాలం అన్నారు. ఆ కణాలు చచ్చిపోలేదు, వూపిరితిత్తులు మొదలైన చోట్లకు కాపలా తిరగడానికి పోయివుంటవని యిటీవలి పరిశోధకులు వాదిస్తున్నారు. వుదయపు బండి పోయిన తరువాత తిరువళ్లూరు ప్లాట్‌ఫారం చూచినవాళ్లకు యీ వాదం సులభంగా అర్థమౌతుంది. జనం తగ్గినది నిజమే, వాళ్లంతా పనిమీద పోయారు.

రోజూ నడిచి అలవాటైనవాడికి అదే శ్రమవల్ల యీ గందరగోళం తక్కువ. కొండకింద కాపురముండి నిత్యం పైకి పువ్వులు మోసేవాడికీ, యేడాదికొకసారి వెళ్లే గుమాస్తాకూ తేడా వుండదా మరి?

యెర్ర కణాలదగ్గరకు వస్తే లెక్క తారుమారౌతుంది గాని కారణం వేరు. చిక్కటి మజ్జిగ చేయవలెనంటే పెరుగైనా పెంచవలె, నీళ్లైనా తగ్గించవలె. శ్రమచేసేటప్పుడు చెమట పోతుంది, నెత్తురులోని నీరు కండరాలలోకి దిగుతుంది. కణాలు అన్నే వున్నా నెత్తురు చిక్కబడి లెక్క యెక్కువ కనపడుతుంది. తరువాత ఒకటి రెండు దినాలలో దీనికి విరుద్ధం: వొళ్లు నీటిని పట్టివుంచి రక్తరసం పెంచుకొంటుంది. నెత్తురు పలచబడి హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ కనపడుతుంది. పరుగుపందెగాళ్లలో యీ తేలిక తగ్గుదల వున్నా అది నిజమైన రక్తహీనత కాదు. పోతే, మెక్సికో నగరంవంటి 2,240 మీటర్ల యెత్తున వారాలకొద్దీ వుంటే యెర్ర కణాలు నిజంగానే పెరుగుతవి. మన కొండకు ఆ యెత్తు లేదు, మనమూ అక్కడ అంతకాలం వుండము.

మూత్రంలో యెరుపు సంగతి విడిచిపెట్టలేదు. అడుగు నేలకు తగిలినప్పుడల్లా అరికాలిలోని సన్నని నాళాలలో యెర్ర కణాలు కొన్ని నలిగి పగులుతవి. గట్టి నేలమీద దూరం నడిస్తే వాటి రంగు మూత్రంలోకి దిగవచ్చు. 1881లో ఫ్లైషర్ అనే జర్మను వైద్యుడు కవాతు చేసిన సైనికుడొకనిలో దీనిని మొదట వర్ణించాడు. బూట్లు వేసిన సైనికుడికే అట్లా అయితే, తారురోడ్డుమీద చెప్పులు లేకుండా రాత్రంతా నడిచిన మావాడి సంగతి చెప్పవలెనా? సామాన్యంగా యిది రెండు మూడు దినాలలో తనంతట పోతుంది. అయితే మూత్రం కోకాకోలా రంగుకు తిరిగి, కండరాలు వాచి నొప్పిపెడుతూ వుంటే అది వేరు. మూత్రపిండాలకు ముప్పు, అప్పుడు ఆగకూడదు.

ప్లేట్‌లెట్లు ఒక్క మాట. వాటిలో సుమారు మూడోవంతు ప్లీహంలో దాగివుంటవి, శ్రమచేస్తే బయటికి వచ్చి లెక్క పెంచుతవి. డెంగీ వచ్చినప్పుడు వూరంతా వాటి లెక్కే చెప్పుకుంటుంది గనుక యిది రాశాము. డెంగీవాడు మంచం దిగకూడదు, యెక్కకా చేయకూడదు.

యింతవరకూ తెలిసేసరికి మాకు కొంత గర్వం వచ్చిందని వొప్పుకోవలె. ఆఫీసులో యెవరి రిపోర్టు చూచినా, “మెట్లు యెక్కారా, పరుగెత్తారా?” అని అడిగేవాళ్లము. ఆ గర్వం మా పిన్నమ్మ దగ్గర అణిగింది.

ఆమెకు అప్పటికి యాభైయెనిమిదేళ్లు. 2024లో కుటుంబమంతా తిరుత్తణి పోయినప్పుడు, కొండపైకి మోటారు దారి వున్నా మెట్లమీదనే వస్తానని పట్టుబట్టింది. నూరు మెట్లు కాకుండానే కూలబడింది. గుండె దడ, పెదవులు తెల్లగా. “వయస్సు గదా” అన్నాము. వారం తరువాత వూళ్లో ఒక ఉచిత శిబిరంలో నెత్తురు చూపించుకొంటే హిమోగ్లోబిన్ 7.4 అన్నారు. ఆమె ఆ చీటీ పట్టుకొని మా దగ్గరకే వచ్చింది.

“యేమంటావు అబ్బాయీ, నువ్వు చదివినవాడివి” అన్నది.

“కొండ యెక్కావు గదా పిన్నమ్మా, నెత్తురు పలచబడివుంటుంది. కొన్నాళ్లు ఆగి చూద్దాము” అన్నాము.

ఆరు వారాలు ఆగాము. ఆ ఆరు వారాలూ మేము చేసిన పాపం. శ్రమవల్ల పలచబడితే హిమోగ్లోబిన్ అరగ్రామో, గ్రామో తగ్గుతుంది. స్త్రీలకు 12 వుండవలసినది 7.4కు పడదు. పైగా వారం విశ్రాంతి తరువాత చూచిన లెక్కకు కొండను సాక్షిగా పిలవడమేమిటి? ఆమె ఒకనాడు పెరట్లో పడిపోయిన తరువాత అదే డాక్టరు గారివద్దకు తీసుకొని పోయాము. సంవత్సరాలుగా మొలలవల్ల నెత్తురు పోతూవుంటే, సిగ్గుచేత ఆమె యెవరికీ చెప్పలేదు. మేనల్లుడి వొంట్లో లేని జబ్బును కొండ చూపించింది, పిన్నమ్మ వొంట్లో వున్న జబ్బునూ కొండే చూపించింది. మొదటిది నమ్మి భయపడ్డాము. రెండోది చూచీ కొట్టివేశాము.

యిటువంటి పిన్నమ్మలు మన యిళ్లలో తక్కువ లేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 యేండ్ల స్త్రీలలో రక్తహీనత వున్నవాళ్లు తమిళనాట నూటికి 53, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 59 దాకా. రొప్పుతూ మెట్లమీద కూర్చున్న ఆడవాళ్లలో సగం మందికి నెత్తురు పరీక్ష కావలె, వయస్సును తిట్టుకొని లాభం లేదు.

పిన్నమ్మకు మొలలకు వైద్యం చేసి, యినుమూ ఫోలిక్ యాసిడ్డూ కలిసిన మాత్రలిచ్చారు. ఆ మాత్ర చూచినప్పుడల్లా మాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకువస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా పోయినవాడు. ఆయన సోదరులిద్దరు కొద్ది దినాల తేడాతో స్ప్రూ అనే జబ్బుకు బలైపోయారు, నెత్తురును క్షీణింపజేసే జబ్బు అది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మార్మైట్ అనే యీస్టు సారంతో తగ్గుతున్నదని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించింది. అందులోని పదార్థం ఫోలిక్ యాసిడ్ అని తరువాత తేలింది. దాన్ని 1945లో లెడర్లీ పరిశోధనశాలలో సుబ్బారావు గారి బృందం కృత్రిమంగా తయారుచేసింది. 1948లో ఆయన పోయారు. మద్రాసు సెంట్రల్ స్టేషను దాటి ఆ కాలేజీ గోడ పక్కన నడిచిపోయే మా తోటి గుమాస్తాలలో ఆ పేరు తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కకు వస్తారు.

నెత్తురు యివ్వబోయేవారికి డాక్టరు గారు చెప్పినవి మా మేనల్లుడు ఒక చీటీమీద రాసి గోడకు అంటించాడు. ముందురోజు పరుగూ, బరువులూ, కొండా వద్దు. రాత్రంతా నడిచివుంటే కొన్ని దినాలు గడువు అడగవలె. బస్సుకోసం పరుగెత్తి వచ్చినా, మేడమెట్లు యెక్కి వచ్చినా, పావుగంట కూర్చుని తరువాత చెయ్యి చాపవలె. పడుకున్నవాడు లేచి నిలబడితేనే నెత్తురు కొంత చిక్కబడుతుందట. మంచినీళ్లు తాగవలె. రెండోసారి పరీక్ష చేయిస్తే మొదటిసారి చేసిన వేళకే, అదే స్థితిలో చేయించవలె, లేకుంటే పోలిక కుదరదు. యేం చేసి వచ్చామో అడగకపోయినా చెప్పవలె. ఆఖరున వాడు యెర్రసిరాతో రాసినది పిన్నమ్మకోసం: విశ్రాంతి తరువాత కూడా లెక్క దారికి రాకపోతే, జ్వరమున్నా, బరువు తగ్గుతున్నా, పెదవులు తెల్లబడినా, కొండమీద నెపం పెట్టకూడదు.

2025 ఆడి మాసంలో పిన్నమ్మ మళ్లీ తిరుత్తణి వచ్చింది. హిమోగ్లోబిన్ 11.6కు చేరివున్నది. మెట్లమీదనే యెక్కింది. మేము ప్రతి యాభై మెట్లకూ కూర్చోమని బతిమాలితే, “నాకు నెత్తురు వచ్చింది గాని నీకు ఆయాసం వచ్చినట్టున్నది, నువ్వు కూర్చో” అన్నది. నిజమే, కూర్చున్నాము. ఆమె మేనల్లుడి చెయ్యి పట్టుకొని మాకంటే ముందు పైకి పోయింది. మేము చేరేసరికి ఆమె దర్శనం అయిపోయింది, విభూతి పొట్లం మాకోసం విడిగా కట్టి పెట్టుకొని వున్నది.